కెమెరా కొనిపెట్టాలా, ఫోన్ సరిపోతుందా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ చివరి సంవత్సరం. అయిపోగానే ఫొటోగ్రఫీలోకి వెళ్తానంటోంది, ఖరీదైన కెమెరా కావాలంటోంది. ఫోన్లలోనే ఇంత బాగా వస్తుంటే పదేళ్లలో కెమెరాలే ఉండవేమోనని నా భయం. కొనమంటారా?

జవాబు: సార్, మీ భయం ఉత్తిది కాదు. జపాన్ కెమెరా కంపెనీల సంఘం లెక్కల ప్రకారం 2010లో ప్రపంచం మొత్తానికి 12 కోట్ల పైనే డిజిటల్ కెమెరాలు వెళ్లాయి, 2023కి వచ్చేసరికి 77 లక్షలే. జేబులో పట్టే చిన్న కెమెరాల పని ఫోన్ ఎప్పుడో కానిచ్చేసింది. కానీ మిగిలిన ఆ 77 లక్షల్లో దాదాపు 60 లక్షలు లెన్స్ మార్చుకునే రకం, అంటే ఎక్కువగా సీరియస్‌గా తీసేవాళ్లు కొన్నవి, వీటినీ ఫోన్ పూర్తిగా మింగేస్తుందని నేననుకోను.

ఎందుకంటే సీరియస్ కెమెరాల్లో ఉండే ఫుల్ ఫ్రేమ్ సెన్సార్ (వెలుతురుని పట్టి ఫొటోగా మార్చే చిప్) 36 బై 24 మిల్లీమీటర్లు ఉంటుంది, ఫోన్లలో బాగా పెద్దదని గొప్పగా చెప్పే ఒక అంగుళం సెన్సార్ 13.2 బై 8.8 మాత్రమే (అంగుళం అన్నది పేరుకే లెండి), అంటే వైశాల్యంలో ఏడో వంతు, పైగా అంత పల్చటి ఫోన్లో పెద్ద లెన్స్ పట్టదు. ఆ వెలుతురు లోటు పూడ్చడానికే ఫోన్ ఒక్క నొక్కుకి గబగబా చాలా ఫ్రేములు తీసి సాఫ్ట్‌వేర్‌తో కలిపేస్తుంది. కదలకుండా ఉన్నవాటికి అది సూపర్, తక్కువ వెలుతురులో పరిగెత్తే మనిషి అంటే మాత్రం తడబడుతుంది. మనిషి వెనకాలదంతా మసకచేసే పోర్ట్రెయిట్ మోడ్‌లో జుట్టు అంచులు తెగిపోవడం మీరూ చూసే ఉంటారు. స్టూడియో ఫ్లాష్‌తో ఫోన్‌ని కలపడం ఇప్పటికీ తలనొప్పే.

అసలు మీరు చూడాల్సింది కెమెరా ఉంటుందా పోతుందా అని కాదు సార్, ఏ పనికి జనం డబ్బులిస్తారు అని. మామూలు ప్రొడక్ట్ ఫొటోలు, చిన్న చిన్న ఫంక్షన్లు ఇప్పుడు ఎవరికి వాళ్లే తీసేసుకుంటున్నారు, వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. స్పోర్ట్స్, వైల్డ్‌లైఫ్, పెద్ద పెళ్లిళ్లు, యాడ్ షూట్లు, వీటికి మనిషీ కావాలి, సామానూ కావాలి.

అందుకే కెమెరా ఇప్పుడే కొనకండి. ముందు ఫోన్లోనే ప్రో మోడ్ పెట్టుకుని షట్టర్ స్పీడ్ (ఎంతసేపు వెలుతురు పడాలి), ఐఎస్ఓ (వెలుతురుని ఎంత పెంచి చూపాలి) తనే మార్చుకుంటూ తీయమనండి, రా ఫైల్స్ (ఫోన్ మెరుగులు దిద్దని అసలు ఫొటోలు) ఎడిట్ చేయడం నేర్చుకోమనండి. ఆ తర్వాత పనిచేస్తున్న ఫొటోగ్రాఫర్ దగ్గర అసిస్టెంట్‌గా చేరితే లైట్లు మోస్తూనే క్లయింట్‌తో ఎలా మాట్లాడాలో కూడా తెలుస్తుంది, నా లెక్కలో చాలా కోర్సుల కంటే ఇదే మేలు. కొన్నాళ్లకి కూడా ఇష్టం తగ్గకపోతే సెకండ్ హ్యాండ్ బాడీ (లెన్స్ కాకుండా కెమెరా ఒక్కటే) తీసుకుని డబ్బు లెన్స్ మీద పెట్టండి, బాడీ తొందరగా పాతబడుతుంది, మంచి లెన్స్ ఏళ్లకేళ్లు పనికొస్తుంది. పెద్ద లెన్సులు మాత్రం అద్దెకే.

ఒక్కటి మాత్రం ఈరోజే అడగండి, ఏం తీయాలనుందమ్మా అని. పక్షులంటే పొడుగు లెన్స్, ప్రొడక్టులంటే ముందు లైట్లు, ఒక్కోదానికీ ఖర్చు వేరు.