బుర్రకథ కట్టబోతున్న మనవరాలికి

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగుకు గండ్లు పడి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు ఒకరినొకరు కాపాడుకున్న మామూలు మనుషుల మీద నువ్వు బుర్రకథ కడుతున్నావనీ, తుమ్మలపల్లి వారి కళాక్షేత్రంలో చెప్పాలనుకుంటున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. నాతోనే మన ఇంట్లో గుమ్మెట మోగడం ఆగిపోతుందనుకున్న నాకు సంతోషం పట్టలేదు. మన బ్రాడీపేటలో కనబడిన వారందరికీ చెప్పుకున్నాను. ఆ తరువాత ఆమె చెప్పిన రెండో మాటకు మాత్రం ఆ రాత్రి నిద్ర రాలేదు. పక్కన నిలబడి గుమ్మెట వాయిస్తూ పాట అందుకునే వంతలు లేకుండా, రికార్డు చేసిన మోత వెనుక పెట్టుకుని, ఒక్కదానివే కథ చెబుతావట! దానిని మరేదైనా పేరుతో పిలుచుకో తల్లీ, బుర్రకథ అనకు.

అంగరఖా, తలపాగా, గజ్జెలు డబ్బు పెడితే దొరుకుతాయి. తంబురా శ్రుతి, చేతి అందెల తాళం రోజూ సాధన చేస్తే వస్తాయి. చల్లని నీళ్ళు మానుకో. ఆడపిల్ల బుర్రకథ చెప్పడమేమిటని ఎవరైనా అంటే, 1940లలోనే మోటూరి ఉదయం గారు మహిళల దళంతో ఊరూరా తిరిగి కథలు చెప్పారని చెప్పి, నీ పని నువ్వు చూసుకో.

నేను భయపడేది వేరొక విషయానికి. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చిన కొంతకాలానికి మా దళం ఆ ప్రాంతంలో కథ చెప్పడానికి వెళ్ళింది. ఒక ఊళ్ళో ఇద్దరు స్నేహితులు, ఒకడు చేపలు పట్టేవాడు, ఇంకొకడు తాటిచెట్లు ఎక్కేవాడు, ఆ చీకటిలో కొట్టుకుపోతున్నవారిని తాడు వేసి లాగి చెట్లకు కట్టి బతికించారని విని, మా కథకుడు మధ్యాహ్నానికి వరుస కట్టేశాడు. ఇద్దరి పేర్లూ పాదంలో ఇమడలేదు. మొదటివాడి పేరు ప్రాసకు చక్కగా కుదిరింది, పైగా ఆ పూట మాకు అన్నం పెట్టింది వారి ఇంట్లోనే. అందుచేత రెండోవాడిని తీసేసి, మొత్తం సాహసాన్ని ఒక్కడి భుజాన పెట్టాడు. రాత్రి కథ రక్తి కట్టింది, జనం ఈలలు వేశారు. ఆ తాళ్ళ మధ్యలో నిలబడి ప్రాణాలకు తెగించిన రెండో మనిషి, పెళ్ళాం బిడ్డలతో వచ్చి ముందు వరుసలో కూర్చున్నవాడు, కథ సగంలోనే లేచి వెళ్ళిపోయాడు. తెల్లవారిన తరువాత మా బసకు వచ్చింది అతడు కాదు, మేము ఆకాశానికెత్తిన మొదటివాడు. “రాత్రి నుంచీ వాడు నాతో మాట్లాడడం లేదయ్యా, ఉప్పెన చేయని పని మీరు చేశారు” అని మా కథకుని ముఖం మీదే అన్నాడు. తరువాతి ఊళ్ళో మా కథకుడు పాదాలు మార్చి ఇద్దరి పేర్లూ పాడాడు, కానీ అక్కడ ఆ ఇద్దరినీ ఎరిగినవారెవరూ లేరు.

పల్నాటి కథ చెప్పినవారికి ఈ సంగతి తెలుసు. యుద్ధానికి పోతూ బాలచంద్రుడు, బ్రాహ్మణుడైన స్నేహితుడు అనపోతురాజునైనా బతికించుకోవాలని ఏదో నెపంతో వెనక్కి పంపితే, సంగతి తెలిసిన అనపోతు ప్రాణం తీసుకున్నాడు. అతడు యుద్ధభూమిలో కత్తి దూసినవాడు కాడు. అయినా పల్నాటి వీరుల కథ పాడే వీరవిద్యావంతులు తరతరాలుగా అతని చావును పాడుతూనే ఉన్నారు. మాల కన్నమదాసు పేరు, అన్ని కులాలవారూ కలిసి తిన్న చాపకూడు, ఏదీ వదలలేదు. కార్తీకంలో కారెంపూడి వీరుల తిరునాళ్ళకు ఒకసారి వెళ్ళు, ఎంతమందిని తలుచుకుంటారో నీకే తెలుస్తుంది.

కనుక సింగ్ నగర్‌లో ఎవరి గురించి విన్నా, ఆ సమయంలో వారి పక్కన ఎవరున్నారో అడుగు. పడవ నడిపినవాడిని అడిగితే తాడు పట్టుకున్నవాడి పేరు చెబుతాడు. డాబా మీద చిక్కుకున్న ముసలమ్మను అడిగితే, తన పాలప్యాకెట్టు పంచి ఇచ్చిన ఎదురింటామె పేరు చెబుతుంది. నీళ్ళు తీశాక ఇళ్ళలో బురద ఎత్తిన పారిశుధ్య కార్మికులను నాలుగు పాదాలతో సరిపెట్టకు. కట్టిన కథను వేదిక ఎక్కించే ముందు వారి గుమ్మంలో కూర్చుని చదివి వినిపించు. పేరు వద్దన్నవారిని బలవంతపెట్టకు. ప్రాస కోసం మనిషిని వదలవద్దు, మనిషి కోసం ప్రాసను వదిలితే కొంపలేమీ మునగవు.

ఇన్ని పేర్లు ఒక్క గొంతులో ఎలా పడతాయని అడుగుతావేమో. అందుకే వంతలు. నువ్వు ఊపిరి తీసుకున్నప్పుడు “తందాన తాన” అని అందుకునేవారుంటారు, నువ్వు ఒకరిని మరీ ఎత్తేస్తుంటే “మరి ఆ రెండోవాడు ఏమయ్యాడు?” అని అడ్డుపడేవారుంటారు. రికార్డు నిన్ను ఏమీ అడగదు. పొన్నెకల్లులో పుట్టి 1986లో పద్మశ్రీ అందుకున్న బుర్రకథ పితామహుడు నాజర్ గారంతటి వారే చెరొక పక్కన వంతలను నిలుపుకుని కథ చెప్పారు. నీకు అవసరం లేకపోయిందా?

కోప్పడ్డానని చిన్నబుచ్చుకోకు. నీతో కాలేజీలో చదివిన ఆ ఇద్దరు పిల్లలు, ఎప్పుడూ కిలకిల నవ్వే అమ్మాయీ, ప్రతిదానికీ వాదించే అమ్మాయీ ఉన్నారు కదా. నవ్వే పిల్లను హాస్యం చెప్పే వంతగా, వాదించే పిల్లను రాజకీయం చెప్పే వంతగా పెట్టుకో. అయితే హాస్యం చెప్పే పిల్లకు ఒక్క మాట ముందే చెప్పు: ఆలస్యంగా వచ్చిన పెద్దమనుషుల మీద ఎంతైనా వెక్కిరించవచ్చు, ఆహారం పొట్లాల కోసం చేతులు చాచినవారి మీద మాత్రం ఒక్క నవ్వు కూడా పుట్టించకూడదు.

వచ్చే ఆదివారం ఆ ఇద్దరినీ వెంటబెట్టుకుని గుంటూరు రా. గుమ్మెట మోత నేను నేర్పుతాను. రాసిన కాగితాలు కూడా తీసుకురా. ముందు అందులో పేర్లు చూస్తాను, పాదాల సంగతి తరువాత.

మీ తాతయ్య