ఢీకొందా, ఢీకొట్టిందా, ఢీకొన్నాయా?

సందేహం: ఉప్పల్‌లో ఇంటర్ తెలుగు మీడియం పిల్లలకు ఫిజిక్స్ ట్యూషన్ చెబుతాను. లారీ, కారు ఎదురెదురుగా వచ్చి ఢీకొంటే కారే ఎందుకు నుజ్జవుతుంది అని అడిగితే ఒక అబ్బాయి "లారీకి బలం ఎక్కువ, అందుకే కారును బలంగా ఢీకొట్టింది" అని రాశాడు. సున్నా వేశాను. వాళ్ల నాన్నగారు వచ్చి "పేపర్లో రోజూ ఇలాగే రాస్తారు కదండీ, మా వాడిదేం తప్పు?" అన్నారు. ఢీకొనడం, ఢీకొట్టడం ఒకటేనా? బలంగా అనకూడదా? పుస్తకంలో ఉండే అభిఘాతం (కొలిజన్) పిల్లలకు నోరు తిరగడం లేదు, ద్రవ్యవేగం (మొమెంటమ్) అంటే ఏదో ఒక రకం వేగం అనుకుంటున్నారు. దానికి బదులు ఊపు అంటే సరిపోతుందా?

సమాధానం: అమ్మా, మీరు అడిగినవి నాలుగు ప్రశ్నలు, అందులో మొదటిదే అసలైంది, కాబట్టి దాని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

ఢీకొనడం, ఢీకొట్టడం ఒకటి కావు. ఢీకొను అనే క్రియకు రెండు వాడుకలున్నాయి. "లారీ, కారు ఢీకొన్నాయి" అంటే ఇద్దరూ కర్తలే, ఎవరు ఎవర్ని అన్న ప్రసక్తి లేదు. "లారీ కారును ఢీకొంది" అంటే ఒకరు కర్త, ఒకరు కర్మ. ఢీకొట్టుకు ఆ మొదటి వెసులుబాటు లేదు. "లారీ, కారు ఢీకొట్టాయి" అంటే మనకు వెంటనే "దేన్ని?" అని అడగాలనిపిస్తుంది, రెండూ కలిసి మూడో బండి మీదికి పోయినట్టుంటుంది. గుద్దడం, గుద్దుకోవడం మధ్య ఉన్నదీ ఈ తేడాయే. మన హైదరాబాద్ రోడ్ల మీద దీన్ని ఇంకా తేటగా చెబుతారు: "టక్కరైంది" అంటే సంగతి చెబుతున్నాడు, "టక్కరిచ్చిండు" అంటే ఎదుటివాడిదే తప్పంటున్నాడు, ఇక ట్రాఫిక్ జామే.

పేపరువాళ్లకు ఈ రెండోది కావాలి. వాళ్ల పని ఎవరు ఎవరి మీదికి వచ్చారో చెప్పడం. "ఆగి ఉన్న లారీని ఢీకొన్న కారు" అన్న శీర్షికలో తప్పేమీ లేదు. ఫిజిక్స్‌కు మాత్రం ఆ గొడవ అక్కర్లేదు. లారీ కారును ఎంత బలంతో నెడుతుందో కారూ లారీని సరిగ్గా అంతే బలంతో, ఎదురు దిశలో నెడుతుంది. న్యూటన్ 1687లో అచ్చేసిన మూడో నియమం ఇదే. ఆగి ఉన్నదెవరు, వచ్చి పడ్డదెవరు, తాగి నడిపిందెవరు అన్నవాటితో దానికి నిమిత్తం లేదు. అందుకని క్లాసులో వీలైనంత వరకు "ఢీకొన్నాయి" అనండి.

మరి కారే ఎందుకు నుజ్జయింది? లెక్క వేసి చూపిస్తే మీ అబ్బాయి నమ్ముతాడు. 9000 కిలోల లారీ, 1000 కిలోల కారు, రెండూ గంటకు 36 కిలోమీటర్లతో, అంటే సెకనుకు 10 మీటర్లతో ఎదురెదురుగా వచ్చి, గుద్దుకుని, అతుక్కుపోయాయనుకోండి. ద్రవ్యవేగం అంటే ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది కదా, లారీది 90,000, కారుది 10,000 కానీ ఎదురు దిశలో. తీసేస్తే 80,000, దాన్ని మొత్తం 10,000 కిలోలూ పంచుకుంటే సెకనుకు 8 మీటర్లు. లారీ వేగం పది నుంచి ఎనిమిదికి తగ్గింది, డ్రైవరు కాస్త ముందుకు తూలతాడు అంతే. కారు మాత్రం పది మీటర్లతో ముందుకు వస్తున్నది కాస్తా ఎనిమిది మీటర్లతో వెనక్కి పోతోంది, అంటే మార్పు 18. బలం ఇద్దరి మీదా సమానమే, తొమ్మిదో వంతు బరువున్న దానికి తొమ్మిది రెట్లు మార్పు. దానికి తోడు కారు రేకు లారీ చట్రమంత గట్టిది కాదు. ఇందులో ఎక్కడా "లారీకి బలం ఎక్కువ" అన్న మాట రాలేదు చూడండి.

బలంగా అన్న క్రియావిశేషణం వేరు. "తలుపు బలంగా కొట్టాడు", "గాలి బలంగా వీచింది" అంటే గట్టిగా అని, అది మంచి తెలుగే, పేపర్లో ఉంటే ఉండనివ్వండి. ఫిజిక్స్‌లో బలం బండి వెంట తెచ్చుకునే సరుకు కాదు, రెండూ తగిలిన ఆ కాస్త సేపట్లో రెండింటి మధ్యా పుట్టి పోయేది. వెంట తెచ్చుకునేవి ద్రవ్యవేగం, గతిజ శక్తి (కదలిక వల్ల ఉండే శక్తి). ఈ మాటల తికమక మనకొక్కరికే వచ్చిన తెగులేం కాదు. 1686లో జర్మన్ పండితుడు లైబ్నిజ్ అంతకు ముందరి ఫ్రెంచ్ పండితుడు డెకార్ట్ సిద్ధాంతం మీద వాదానికి దిగి, కొలవాల్సింది ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది కాదు, వేగం వర్గంతో గుణిస్తే వచ్చేది అన్నాడు, తర్వాత దానికి "సజీవ బలం" అని అర్థమిచ్చే లాటిన్ పేరు పెట్టాడు. ఈ రోజు మనం శక్తి అనేదాన్ని అప్పటి పండితులు బలమన్నారు! దశాబ్దాల పాటు తగువులాడుకున్నారు, చివరికి రెండూ కావాల్సిందేనని తేలింది. వెయ్యి కిలోల కారు 36 నుంచి 72 కిలోమీటర్ల వేగానికి వెళితే ద్రవ్యవేగం రెండింతలే, గతిజ శక్తి మాత్రం 50 వేల జౌళ్ల నుంచి 2 లక్షల జౌళ్లకు, నాలుగింతలవుతుంది. ఔటర్ మీద నూట ఇరవైలో పోయేవాడు "అరవైకి డబులే కదా" అనుకుంటే అందుకే లెక్క తప్పుతుంది.

ద్రవ్యవేగం సంగతి. ఈ పేరు మీద నాకూ పెద్ద మోజు లేదు. షష్ఠీ తత్పురుష అనుకుని ద్రవ్యం యొక్క వేగం అని విడదీస్తే అర్థం తలకిందులవుతుంది, పిల్లలు చేస్తున్నది అదే. పైగా ద్రవ్యం అంటే డబ్బు కూడా, ద్రవ్యోల్బణం చదివిన కామర్స్ కుర్రాడు ఇంకేదో ఊహించుకుంటాడు. కానీ 1968లో పెట్టిన తెలుగు అకాడమీ పుస్తకాల వల్ల తరాలుగా స్థిరపడిన మాట ఇది, ఇప్పుడు మార్చడం అయ్యే పని కాదు, విగ్రహవాక్యం చెప్పకుండా లెక్కతో చెప్పండి. క్యారమ్ బోర్డు తీయండి. 15 గ్రాముల స్ట్రైకర్ 5 గ్రాముల కాయిన్‌ను సూటిగా తాకిందనుకుందాం. చప్పుడుకు, రాపిడికి పోయేది వదిలేసి చూస్తే కాయిన్ స్ట్రైకర్ వచ్చిన వేగానికి ఒకటిన్నర రెట్లతో దూసుకుపోతుంది, స్ట్రైకర్ సగం వేగంతో వెనకే వస్తుంది. కాయిన్‌కు వేగం ఒకటిన్నర రెట్లు వచ్చింది, ద్రవ్యవేగం మాత్రం స్ట్రైకర్ తెచ్చినదాంట్లో సగమే దక్కింది. ద్రవ్యవేగం ఒక రకం వేగం కాదని ఇంతకంటే తేలిగ్గా చూపించలేం.

ఊపు మంచి మాటే. "ప్రచారం ఊపందుకుంది", "బండి ఊపు మీదుంది, ఇప్పుడు బ్రేకు వేసినా ఆగదు" అన్నప్పుడు మనం చెబుతున్నది దాదాపు ద్రవ్యవేగమే. కాకపోతే "ఒక్క ఊపు ఊపాడు" అన్నప్పుడు అదే మాట పుస్తకంలోని ప్రచోదనం (ఇంపల్స్) అవుతుంది. వివరించేటప్పుడు వాడండి, పరీక్షలో రాయించకండి.

అభిఘాతం మీద మాత్రం నాకు మక్కువ ఎక్కువ. ఇది ఎవరో కూర్చుని కొత్తగా అల్లిన పదం కాదు. తర్కశాస్త్రంలో రెండు వస్తువుల సంయోగం రెండు రకాలన్నారు: శబ్దం పుట్టిస్తే అభిఘాతం, పుట్టించకపోతే నోదనం, అంటే నెట్టడం. రెండు బండ్లు గుద్దుకుంటే ధన్‌మని మోగేదీ, రేకు వంగేదీ, వేడెక్కేదీ పోయిన గతిజ శక్తి చలవే. పైన చెప్పిన లారీ, కారు లెక్కలో మొదట 5 లక్షల జౌళ్లుంటే చివరికి 3 లక్షల 20 వేలే మిగిలాయి. ద్రవ్యవేగం మాత్రం ఎక్కడికీ పోలేదు. ఇంకో తమాషా: గతిజ శక్తి ఏమాత్రం పోని గుద్దుడును మన పుస్తకాలు స్థితిస్థాపక అభిఘాతం అంటాయి, అలాంటి దాంట్లో శబ్దానికి పోయే శక్తే ఉండదు, కనుక పాత తార్కికుడు వింటే "చప్పుడే లేనిది అభిఘాతం ఎలా అవుతుందయ్యా?" అని నిలదీస్తాడు. పిల్లలకు నోరు తిరక్కపోతే "గుద్దుకోవడం" అనే చెప్పి, పరీక్ష ముందు అభిఘాతం రాయడం నేర్పండి.

మార్కుల సంగతి: "బలంగా", "ఢీకొట్టింది" అన్న మాటలకు మార్కులు కోయకండి, అవి తెలుగు తప్పులు కావు. "లారీకి బలం ఎక్కువ" అన్నదానికి కోయండి, అది వాళ్ల నాన్నగారు పేపరు తెచ్చి చూపించినా తప్పే. ఢీకొను అన్నది మధ్యలో ఖాళీ వదలకుండా కలిపే రాయించండి.