బుర్గోన్ పల్లెలో బస, మూడు కిలోమీటర్లలో మూడు నక్షత్రాల భోజనం

"అమ్మానాన్నలతో ఫ్రాన్స్ వస్తున్నాం. పల్లెటూళ్ళో ఇంటి వాతావరణం ఉన్న గెస్ట్‌హౌస్‌లో దిగి, దగ్గర్లో ఉన్న మిషెలిన్ నక్షత్రాల రెస్టారెంటులో ఒక్కసారైనా తినాలని కోరిక. నాన్నగారు పూర్తి శాకాహారి. కుదురుతుందా? ఏమేం చూసుకోవాలి?" అని అడిగారు.

కుదురుతుంది. కానీ గది వెతకడంతో మొదలుపెట్టకండి. ముందు రెస్టారెంటులో టేబుల్ ఏ రోజుకు దొరుకుతుందో చూసి, ఆ తేదీని పట్టుకుని గది బుక్ చేయండి. పెద్ద పేరున్న చోట్ల నెలల ముందే నిండిపోతాయి, వారంలో రెండు రోజులు మూసేసేవీ ఎక్కువే. ఇంకొకటి, రాత్రి పదకొండింటికి భోజనం ముగించి లేచాక గదికి ఎలా చేరతారో ఇక్కడినుంచే తేల్చుకుని వెళ్ళండి. ఈ రెండోది మేం సరిగ్గా చూసుకోలేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మేం పారిస్ శివార్లలో ఉంటాం. రెండేళ్ళ క్రితం సెప్టెంబరు చివర్లో, రాజమండ్రి నుంచి అత్తయ్య వచ్చినప్పుడు, మూడు రాత్రులకు బుర్గోన్ (ఇంగ్లీషులో బర్గండీ) ప్రాంతం వెళ్ళాం. పారిస్‌లో గార్ ద లియోన్ స్టేషన్ నుంచి డిజోన్‌కి టీజీవీ అనే వేగం రైల్లో గంటన్నర పైచిలుకు. అక్కడ లోకల్ రైలు మారితే బోన్ పట్నం మీదుగా షాన్యీ చేరతాం. షాన్యీ చిన్న ఊరే. ఊరి మధ్య కూడలిలోనే మెజోన్ లామెలువాజ్ అనే రెస్టారెంటు ఉంటుంది. మేం వెళ్ళేటప్పటికి దానికి మూడు నక్షత్రాలు, వంటశాల పెద్ద ఎరిక్ ప్రా.

ఇంత చిన్న ఊళ్ళో అంత పెద్ద హోటలేమిటని అత్తయ్య అడిగారు. దానికి కారణం రోడ్డు. మిషెలిన్ టైర్ల కంపెనీ కదా, 1900లో కార్లున్నవాళ్ళ కోసం మిషెలిన్ గైడు అనే పుస్తకం వేశారు. 1926లో అందులో రెస్టారెంట్లకు నక్షత్రాలు ఇవ్వడం మొదలుపెట్టి, 1931లో ఒకటి, రెండు, మూడు అని మెట్లు పెట్టారు. రెండు నక్షత్రాలంటే దారి కాస్త మళ్ళించుకునైనా వెళ్ళదగ్గదని, మూడంటే దానికోసమే ప్రయాణం పెట్టుకోదగ్గదని అర్థం. పారిస్ నుంచి లియోన్ వైపు పోయే పాత జాతీయ రహదారి 6 షాన్యీ గుండానే వెళ్ళేది. కార్లలో వచ్చేవాళ్ళు మధ్యలో ఆగి తిని పడుకునేవాళ్ళు. అదే దారిలో ఉన్న సోల్యూ లాంటి చిన్న ఊళ్ళకు వంటలో అంత పేరు రావడం కూడా ఆ దారివల్లే. కాబట్టి దగ్గర్లో ఉండి అక్కడ తినాలన్న మీ ఆలోచన కొత్తదేం కాదు, ఆ నక్షత్రాలు పుట్టిందే అలాంటి ప్రయాణికుల కోసం.

మేం దిగింది షాన్యీకి మూడు కిలోమీటర్ల లోపే, కాలువ పక్కనున్న పల్లెలో. హోటల్ కాదు, షాంబ్ర్ దోత్. అంటే యజమానులు తాము ఉంటున్న ఇంట్లోనే కొన్ని గదులు అతిథులకిస్తారు. చట్టప్రకారం అయిదు గదులు, పదిహేను మంది మించకూడదు. పొద్దుటి ఫలహారం, దుప్పట్లు, తువ్వాళ్ళు అద్దెలోనే కలిసి ఉండాలి. "జీత్ ద ఫ్రాన్స్" గుర్తింపు ఉన్న ఇళ్ళకు నక్షత్రాల బదులు గోధుమ కంకులు ఇస్తారు. వెతికేటప్పుడు అవి చూసుకోండి. మేం ఇద్దరి గదికి రాత్రికి 105 యూరోలు ఇచ్చాం, అత్తయ్య గదికి కొంచెం తక్కువ. ఊరి పన్ను మనిషికి ఇంతని విడిగా వేస్తారు, అది స్వల్పమే.

ఇల్లు అంటే నిజంగా ఇల్లే అనుకోండి. రిసెప్షన్ ఉండదు, లిఫ్ట్ ఉండదు. మా గదులకు వెళ్ళే చెక్కమెట్లు నిటారుగా ఉంటే, అత్తయ్య మోకాళ్ళు చూసి ఇంటి యజమానురాలు కింది గది మార్చి ఇచ్చారు. మీ అమ్మానాన్నల సంగతి బుక్ చేసేటప్పుడే రాయండి. ఏ గంటకు చేరతారో కూడా ముందే చెప్పాలి, ఎందుకంటే తలుపు తీయడానికి ఆవిడ ఆ వేళకు పనులు మానుకుని ఇంట్లో ఉంటారు. వంటగది అతిథులకు ఇవ్వరు, కాబట్టి కుక్కర్ పెట్టుకుందామనే ఆలోచన వద్దు. పొద్దున పెట్టేది రొట్టె, వెన్న, ఇంట్లో చేసిన జామ్, కాఫీ. ఉప్పూకారం ఏదీ ఉండదు. అత్తయ్య తెచ్చుకున్న కందిపొడి సీసా మూడు పొద్దులూ బల్ల మీదే ఉంది. రెండో రోజు యజమానురాలు వెన్న రాసిన రొట్టె మీద చల్లుకుని తిన్నారు, ఏ పప్పుతో చేశారని అడిగి రాసుకున్నారు.

మొదటి రాత్రి భోజనం ఆ ఇంట్లోనే. దీన్ని తాబ్ల్ దోత్ అంటారు. ఆ ఇంట్లో బస చేసినవాళ్ళకే, ముందు చెప్తేనే వండుతారు. అందరికీ ఒకటే వంట, ఇంటివాళ్ళతో కలిసి ఒకే బల్ల మీద. మీరు తప్పకుండా ఒక రాత్రి ఇలా తినండి. ఆ పూట ఆవిడ లీక్స్, బంగాళాదుంపల సూప్ కోడి నీళ్ళతో కాకుండా మామూలు నీళ్ళతో కాచారు. మా వారికి గొడ్డు మాంసం బుర్గోన్ పద్ధతిలో, నాకూ అత్తయ్యకూ పుట్టగొడుగులతో వేరేగా. అత్తయ్యకు ఫ్రెంచి రాదు, ఆవిడకు తెలుగు రాదు. అయినా ఇద్దరూ పది దాటేదాకా లేవలేదు.

రెండో రాత్రి తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఇంకో పల్లెలో, ఒక నక్షత్రం ఉన్న రెస్టారెంటుకు వెళ్ళాం. ఏడున్నరకు ట్యాక్సీ దింపింది. పదకొండుకు మళ్ళీ వస్తానన్న మనిషి రాలేదు, ఫోన్ తీయలేదు. రెస్టారెంటువాళ్ళు నాలుగైదు నంబర్లు తిప్పారు. ఆ వేళకు ఆ పల్లెల్లో ఇంకో బండి లేదు. బయట చలి. అత్తయ్యను లోపలే కూర్చోబెట్టి వేడిగా మూలికల కషాయం ఇచ్చారు. మా వారు రెండు గ్లాసుల వైన్ తాగి ఉన్నారు. కారు అద్దెకు తీసుకుని ఉన్నా పనికొచ్చేది కాదు, ఇక్కడ బండి నడిపేవాళ్ళకు లీటరు రక్తానికి 0.5 గ్రాముల ఆల్కహాలే హద్దు. పదకొండున్నరకు మొహమాటపడుతూనే ఇంటావిడకు ఫోన్ చేశాను. నైట్‌డ్రెస్ మీద కోటు వేసుకుని తనే కారులో వచ్చారు. "ముందే చెప్పి ఉంటే నేనే దింపి తీసుకొచ్చేదాన్ని కదా" అన్నారు. ఎంత బతిమాలినా పెట్రోలు డబ్బులు తీసుకోలేదు. ఆవిణ్ణి అర్ధరాత్రి నిద్రలేపినందుకు నాకు ఇప్పటికీ మనసులో ఉంది.

అందుకే చెప్తున్నా. నడిచి చేరగలిగే దూరంలో గది చూసుకోండి, లేదంటే మధ్యాహ్న భోజనానికి టేబుల్ తీసుకోండి. పెద్దవాళ్ళతో అయితే మధ్యాహ్నమే మంచిదని నా అభిప్రాయం. మూడు నక్షత్రాల చోట రాత్రి భోజనం మనిషికి 200 యూరోలు దాటుతుంది, వైన్ కాక. మధ్యాహ్నం చాలాచోట్ల చిన్న మెనూ ఉంటుంది, అరుగుదలకూ సమయం దొరుకుతుంది. మూడో రోజు మేం లామెలువాజ్‌లో తిన్నది మధ్యాహ్నమే. తెరలూ పెద్ద బల్లలూ చూసి అత్తయ్య మొదట బిగుసుకుపోయారు, కానీ వడ్డించేవాళ్ళ నెమ్మది చూసి పది నిమిషాల్లో తేరుకున్నారు. మూడు గంటలు కూర్చున్నాం. తర్వాత కాలువ గట్టున, సైకిళ్ళకూ నడకకూ వేసిన బాట మీద, మెల్లగా ఇంటికి నడిచాం. ద్రాక్ష కోతలు అయిపోయి కొండవాలు ఆకులు పసుపు తిరుగుతున్నాయి. "కడుపు నిండింది అమ్మాయ్, బరువు మాత్రం లేదు" అన్నారు అత్తయ్య. నాకు ఆ ప్రయాణంలో అన్నిటికంటే నచ్చింది ఆ నడకే.

ఇక మీ నాన్నగారి విషయం. "వెజిటేరియన్" అని ఒక్క మాట రాసి ఊరుకోకండి. చేప తింటారేమో అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. మాంసం వద్దు, చేప వద్దు, ఎముకలు కాచిన రసం వద్దు, జెలటిన్ వద్దు, పందికొవ్వు వద్దు అని విడివిడిగా, బుక్ చేసిన రోజే ఈమెయిల్‌లో రాయండి. మేం తిన్న రెండు చోట్లా ఇలా రాస్తే అత్తయ్యకు ప్రత్యేకంగా వండారు. గుడ్డు కూడా తినకపోతే "సాన్‌జెఫ్" అని తప్పక చెప్పాలి, ఎందుకంటే స్వీట్లలో, సాసుల్లో గుడ్డు లేనిది తక్కువ. రకరకాల చీజులు పెట్టుకుని బల్ల దగ్గరికి తోసుకొచ్చే బండి వచ్చినప్పుడు కూడా జాగ్రత్త. ఇక్కడి పేరున్న చీజుల్లో చాలావాటికి పాలు విరగడానికి దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. నాన్నగారికి అది పట్టింపు అయితే ముందే చెప్పండి, తిన్నాక తెలిస్తే బాధపడతారు. అత్తయ్య అవి ముట్టుకోలేదు, పళ్ళు అడిగి తెప్పించుకున్నాం.

నీళ్ళు అడిగితే సీసా కొనాలేమో అనుకోకండి. "యున్ కరాఫ్ దో" అంటే కుళాయి నీళ్ళు జగ్గుతో ఉచితంగా ఇస్తారు, ఎంత పెద్ద చోటైనా అడగడం తప్పు కాదు. సర్వీసు ధరలోనే కలిసి ఉంటుంది, టిప్పు మీ ఇష్టం. బుకింగ్‌కు కార్డు నంబరు తీసుకుంటారు. రాలేకపోతే గడువులోగా రద్దు చేయండి, లేకపోతే డబ్బు కోస్తారు.

మీరు వచ్చేది నవంబరు అయితే మూడో ఆదివారం ఉన్న వారం తప్పించండి. బోన్‌లో 1443లో స్థాపించిన ధర్మాసుపత్రి పేరు మీద వైన్ వేలం జరిగేది అప్పుడే, చుట్టుపక్కల పల్లెల్లో కూడా గదులు దొరకవు. వేలం లేని రోజుల్లో ఆ ఆసుపత్రి రంగుపెంకుల కప్పు చూడటానికి ఒక పూట పెట్టుకోండి. షాన్యీలో ఆదివారం సంత జరుగుతుంది, వీలైతే ఆ రోజు కలిసొచ్చేలా తేదీలు పెట్టుకోండి. వెళ్ళేటప్పుడు ఇంటావిడ కోసం మన ఊరిది ఏదైనా చిన్నది పట్టుకెళ్ళండి. మేం ఖాళీ చేతులతో వెళ్ళాం. ఇంటికొచ్చాక ఒక సీసా కందిపొడి కొట్టి పోస్టులో పంపాను.