చెరువు పక్కన చెక్క ఇల్లు, అందులో స్టూడియో: 62 లక్షలు పెట్టొచ్చా?

మేడమ్, మీ ప్రశ్న ముందు నాలుగు ముక్కల్లో చెప్తా, మిగతావాళ్లకీ అర్థం కావాలి కదా. మీకు 52, ప్రైవేట్ స్కూల్లో డ్రాయింగ్ టీచరు, ఇంట్లో మట్టితో బొమ్మలూ కుండలూ చేస్తారు, సారు జీతం కూడా కలిపితే నెలకి 85 వేలు. ఉప్పల్లో ఒక ఫ్లాటు ఉంది. జనగామ దగ్గర నాన్నగారి నుంచి మీ పేరు మీదికొచ్చిన 20 గుంటలు, పక్కనే ఊరి చెరువు. 2009లో 5 లక్షలకి కొన్న ప్లాటు ఈమధ్యే 45 లక్షలకి అమ్మారు. ఆర్కిటెక్టు 1400 అడుగుల టేకు ఇంటికి 62 లక్షలన్నాడు, పాప పీజీకి 12 లక్షలు పక్కన పెట్టి, 30 లక్షలు లోన్ తీసుకుందామా అని అడిగారు.

లోన్ సంగతి తర్వాత. మీరు మధ్యలో ఎక్కడో మామూలుగా రాసేసిన ఒక మాట దగ్గర నేను ఆగిపోయా, "నాన్న చిన్నప్పుడు ఓసారి చింతచెట్టు దాకా నీళ్లొచ్చాయట". అదే అసలు విషయం, చెరువు నీళ్లు మీ స్థలం దాకా వస్తాయేమో ముందు చూడాలి. చెరువు నిండితే నీళ్లు ఎందాకా వస్తాయో ఆ గీతని ఎఫ్‌టీఎల్ అంటారు, తెలంగాణ బిల్డింగ్ రూల్స్ (2012లో వచ్చిన జీవో 168) ప్రకారం 10 హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు దాటిన చెరువైతే ఆ గీత నుంచి 30 మీటర్లు, చిన్న చెరువైతే 9 మీటర్లు వదిలి కట్టాలి. మీది గ్రామ పంచాయతీ అయినా ఈ లెక్కే పెట్టుకోండి. ఇంకోటి, పట్టా ఉంది కదా అని ధీమా వద్దు, శిఖం పట్టాలు కూడా ఉంటాయి, అంటే పట్టా మీదే గానీ భూమి చెరువు కిందది, నీళ్లు తగ్గినప్పుడు సాగు చేసుకోవచ్చు అంతే, ఇల్లు కడితే మాత్రం కూల్చేస్తారు. 2024లో చెరువుల్లో కట్టినవి కూల్చే హైడ్రా వచ్చాక హైదరాబాద్ చుట్టూ ఏం జరిగిందో టీవీలో చూసే ఉంటారు. ఆర్కిటెక్టుకి ఇంకో రూపాయి ఇచ్చేముందు ఇరిగేషన్ వాళ్లతో, సర్వేయర్‌తో గీత కొలిపించి కాగితం మీద తీసుకోండి, నాలా కన్వర్షన్, అంటే సాగు భూమిని ఇల్లు కట్టుకునే భూమిగా మార్పించడం, ఆ తర్వాతే.

ఇప్పుడు లోన్. 8.5 శాతం వడ్డీకి 30 లక్షలు 15 ఏళ్లకి తీసుకుంటే ఈఎంఐ 29,500 చిల్లర, అప్పు తీరేసరికి మీకు 67. రిటైరయ్యేలోపు అంటే 8 ఏళ్లలో తీర్చేద్దాం అనుకుంటే నెలకి 43 వేలు, మీ ఇద్దరి జీతంలో సగం పోయినట్టే. పైగా చెక్క ఇల్లంటే చాలామంది బ్యాంకు వాల్యూయర్లు మొహం చిట్లిస్తారు, స్లాబు ఇంటికి కట్టినంత విలువ దీనికి కట్టరు, నా దగ్గరికొచ్చిన ఒకాయనకి సగం గోడలు లేచాక శాంక్షన్ తగ్గించారు, అప్పుడు పర్సనల్ లోన్ తీసుకుని పూర్తి చేశాడు పాపం. కాబట్టి నా మాట, ఈ ఇంటికి లోనే వద్దు. చేతిలో ఉన్న డబ్బు ఎంతో ఇల్లంత.

"కానీ సార్, ప్లాటు డబ్బు మొత్తం ఇంట్లో పెడితే ట్యాక్స్ ఉండదు కదా" అన్నారు. నిజమే, ప్లాటు అమ్మిన డబ్బుతో ఇల్లు కడితే లాభం మీద పన్ను మినహాయించే 54ఎఫ్ సెక్షన్ ఉంది, ప్లాటు మీ పేరు మీదుంది, ఇల్లూ మీ పేరు మీదే కడుతున్నారు, మీకున్నది ఒక్క ఫ్లాటే, అన్నీ కుదిరాయి. కానీ లెక్క చూడండి. లాభం 40 లక్షలు, 12.5 శాతం చొప్పున సెస్సుతో కలిపి ట్యాక్స్ 5 లక్షల 20 వేలు. 45లో 30 లక్షలు ఇంటికి పెడితే లాభంలో మూడింట రెండొంతులకి మినహాయింపు వస్తుంది, మిగిలినదానికి కట్టేది సుమారు 1 లక్షా 73 వేలు. ఆ లక్షా డెబ్బై వేలు మిగుల్చుకోడానికి ఇంకో 15 లక్షలు చెక్కలో పొయ్యడం ఎందుకండీ? నా క్లయింట్లలో ట్యాక్స్ తప్పించుకోడానికి ఇంటికి రెండు గదులు ఎక్కువ కట్టినవాళ్లు బోలెడుమంది, ఆ గదుల్లో ఇప్పుడు బియ్యం బస్తాలున్నాయి.

అంటే 30 ఇంటికి, 1.73 ట్యాక్స్‌కి, 12 పాపకి, లక్షా పాతిక వేలు మిగులు. మీకున్న 9 లక్షల ఎఫ్‌డీ, పీఎఫ్ మాత్రం ముట్టుకోవద్దు. రిటర్న్ వేసే గడువులోపు ఖర్చవ్వని డబ్బు బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ అకౌంట్‌లో వెయ్యండి, మామూలు సేవింగ్స్‌లో ఉంచితే చెల్లదు, అమ్మిన రోజు నుంచి 3 ఏళ్లలో ఇల్లు పూర్తవ్వాలి.

30 లక్షలకి ఆర్కిటెక్టు రేటు ప్రకారం 675 అడుగులు వస్తుంది. తక్కువేం కాదు, ఒక బెడ్‌రూమ్, వంటిల్లు, మిగతాదంతా ఉత్తరం కిటికీలతో మీ పని గది. కొత్త టేకు బదులు పాత పెంకుటిళ్లు కూల్చినప్పుడు వచ్చే దూలాలు, వాసాలు చూడండి, ఏళ్ల తరబడి ఆరిన కలప కాబట్టి అంతగా వంకర పోదు, కొత్త చెట్టు కొట్టక్కర్లేదు, కాకపోతే లోపల మేకులుంటాయి, సామిల్లులో బ్లేడు పోతే తిట్లు మీకే. కొత్తది కొంటే బిల్లు, అటవీశాఖ పర్మిట్ లేకుండా కొనొద్దు. నేల మీద చెక్క ఆనకుండా మన ఊళ్లలో కంచెకి పాతే రాతి కడీల లాంటివి కింద పెట్టించండి, చెదలూ చెమ్మా రెండూ తగ్గుతాయి. నూనె పూతకి, చెదల మందుకి ఏటా ఓ 50 వేలు పక్కన పెట్టుకోవాలి, ఈ ఖర్చు కొటేషన్‌లో ఎవరూ రాయరు.

కిల్న్, అంటే మీ కుండలూ బొమ్మలూ కాల్చే కొలిమి, మాత్రం ఇంట్లో వద్దు. 900, 1000 డిగ్రీల వేడి చెక్క గోడ పక్కన పెట్టుకుని నిద్రెలా పడుతుందండీ, దూరంగా ఇటుకలతో చిన్న షెడ్డు వెయ్యండి, ఆ ఖర్చు 54ఎఫ్ లెక్కలో కలపకండి. అవిసె నూనె తుడిచిన గుడ్డలు కుప్పగా వదిలేస్తే వాటంతటవే అంటుకుంటాయి, అవి మూతున్న రేకు డబ్బాలో వెయ్యండి. ఇన్సూరెన్స్‌లో కూడా చెక్క పలకల గోడలుంటే కచ్చా కట్టడం కింద లెక్కేస్తారు, అందుకే డిజైన్ ఫైనల్ చేసేముందే రెండు మూడు కంపెనీల నుంచి రాతపూర్వకంగా కోట్ తీసుకోండి, కిల్న్ ఉందని ఫారంలో దాచకుండా రాయండి, ప్రీమియం కాస్త పెరిగినా పర్లేదు, రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ సర్వేయర్ మొదట చూసేది ఆ షెడ్డే.