బెంగళూరులో సొంత తెలుగు పాటలు పాడితే ఎవరైనా వింటారా?

మీరు రెండు సంగతులు అడిగారు: ఎండాకాలంలో ఇక్కడ సొంత తెలుగు పాటలతో ప్రోగ్రాములు దొరుకుతాయా, చేతిలో ఉన్న ఏడు పాటల్ని ముందే ఆల్బమ్‌గా రికార్డు చేసుకోవడం మేలా అని. రెండోదానికి జవాబు ముందే చెప్పేస్తా. పాడండి, తర్వాతే రికార్డు చేయండి.

నాది మదనపల్లె, ఉద్యోగం మారతహళ్లిలో. ఐదేళ్లుగా మార్చి నుంచి మే దాకా శని, ఆదివారాలు గిటార్ భుజాన వేసుకుని తిరుగుతున్నాను. అపార్ట్‌మెంట్లలో ఉగాది ఫంక్షన్లకు డబ్బులిస్తారు, కానీ సినిమా పాటలే అడుగుతారు. పిల్లల డాన్సులు అయ్యాక, భోజనాలకు లేవకముందు మనదొకటి దూర్చేయాలి. ఎవరైనా పేరిచ్చి పాడుకునే ఓపెన్ మైక్‌లో డబ్బుల్లేవు, ఇచ్చేది పది నిమిషాలే, కానీ ఆ పదీ మనవే. ఒక కెఫేవాళ్లు నెల తర్వాత ఇస్తామన్న రెండు వేలు ఇప్పటికీ రాలేదు. అప్పటినుంచి సగం ముందే అడుగుతున్నా.

తెలుగు అర్థం కాదేమోనని టెన్షన్ వద్దు. చామరాజపేట ఫోర్ట్ హైస్కూల్ మైదానంలో జరిగే శ్రీరామనవమి కర్ణాటక సంగీత కచేరీలు 1939లో మొదలయ్యాయి. ఈసారి వెళ్లి కూర్చోండి. నా పక్కన కూర్చున్న కన్నడ పెద్దాయన తొడ మీద తాళం వేస్తూ, త్యాగరాజ కీర్తన మాట పొల్లుపోకుండా లోలోపల పాడుకుంటున్నాడు. నా భయం ఆ పందిట్లోనే పోయింది.

మేడ మీద ప్రోగ్రాములైతే ఒక జాగ్రత్త. ఏసీ గదిలో శ్రుతి చేసిన గిటార్‌ని ఎండ వేడికి తెస్తే తీగలు సాగి శ్రుతి దిగిపోతుంది. పావుగంట ముందే బయట పెట్టి మళ్లీ చూసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో మామిడి వానలు చెప్పి రావు, కాబట్టి స్పీకర్ మీద కప్పడానికి పట్టా ఒకటి బ్యాగులో ఉండాలి. రాత్రి పదికి స్పీకర్ కట్టేయాలన్నది రూలు, ఆరున్నరకే మొదలుపెట్టండి.

ఇక ఆల్బమ్ సంగతి. మా అనంతపురం మిత్రుడు ఈ వేసవిలోనే ఆరు పాటలు విడుదల చేశాడు. ఆ ఆరూ అంతకుముందు రెండు ఎండాకాలాలు నా పక్కన నిలబడి పాడినవే. ఊరికి పోయే రాత్రి బస్సు మీద ఒక పాట ఉంది. మొదట పల్లవిలో ‘విరహ వీధులు’ లాంటి బరువైన మాటలుండేవి. జనం మర్యాదగా విని ఫోన్లు తీసేవాళ్లు. ఒకరోజు మేడ మీద మావాడు సాహిత్యం మరిచిపోయి, అమ్మ కట్టిచ్చిన చిత్రాన్నం పొట్లం విప్పితే బస్సంతా వాసన అని నోటికొచ్చింది పాడేశాడు. అందరూ నవ్వారు. రెండోసారి వాళ్లే అందుకున్నారు. ఆల్బమ్‌లో ఉన్నది ఆ మాటే. ముందే స్టూడియోకి పోయుంటే డబ్బు పోసి ఆ వీధుల్నే రికార్డు చేసుకునేవాడు.

ఒక్క విషయంలో మాత్రం నాకూ వాడికీ పడలేదు. అదే పాటకు ముందు నిమిషంన్నర ఆలాపన ఉండేది, దాన్ని పదిహేను సెకన్లకు కోసేశాడు. స్పాటిఫైలో ముప్పై సెకన్లు వింటేనే ఒక ప్లే అవుతుంది కదా అంటాడు. 2024 నుంచి ఒక్కో పాటకు ఏడాదిలో వెయ్యి ప్లేలు దాటితేనే అక్కడ డబ్బులు లెక్కేస్తున్నారు, కాబట్టి వాడి బాధ వాడిది. నేను మాత్రం ఎక్కడ పాడినా పూర్తి ఆలాపనతోనే పాడుతున్నా. ఐదో పాటలో డ్రమ్స్ కూడా ఎక్కువే, ఆ మాట వాడికే చెప్పా.

రాసిందీ బాణీ కట్టిందీ మీరే అయితే ఐపీఆర్ఎస్ అనే సంస్థలో సభ్యత్వం తీసుకోండి, పాట రాసినవాళ్లకూ బాణీ కట్టినవాళ్లకూ రావాల్సిన రాయల్టీలు వసూలు చేసి పంచేది వాళ్లే.

మీ ఏడింటిలో మూడు ఎంచుకుని వచ్చే శనివారం ఏదో ఒక ఓపెన్ మైక్‌కి పేరివ్వండి. గిటార్ లేకపోతే నాది ఇస్తా. మూడో తీగ మాత్రం కాస్త మొరాయిస్తుంది.