బీచర్స్ బ్రూక్ పదోసారి

చిరంజీవికి,

ఆశీస్సులు. నీ వ్యాసం నిన్న సాయంత్రం అందింది, రాత్రికే చదివేశాను. ఇంగ్లండ్‌లో కంచెలు దూకుతూ సాగే గుర్రప్పందెం గ్రాండ్ నేషనల్, అందులో 1977లో పన్నెండేళ్ళ వయసులో రెడ్ రమ్ అనే గుర్రం మూడోసారి గెలవడం గురించి తెలుగులో రాయాలనుకున్నావు. సంతోషం. భాష మీద నీకు పట్టుంది. కానీ నాలుగో పేజీ చదివాక నాకు నిద్ర పట్టలేదు, అందుకే పొద్దున్నే ఇది రాస్తున్నాను.

"చరిత్ర సృష్టించాలన్న కసితో రెడ్ రమ్ కళ్ళు నిప్పులు కక్కాయి" అన్నావు. ఆ నిప్పులు ఎవరు చూశారయ్యా? గుర్రానికి చరిత్ర తెలియదు. 1973లో, 1974లో తాను గెలిచానని, ఆ తర్వాత రెండేళ్ళూ రెండో స్థానంలోనే ఆగిపోయానని దానికి లెక్కలేమీ ఉండవు. దానికి తెలిసింది నేల. నేను ఇన్నేళ్ళుగా ఎవరడిగినా చెబుతున్నది ఇదే: జంతువు గురించి రాసేటప్పుడు దానికి మన మనసు అంటగట్టకూడదు. దాని ఒళ్ళు రాయాలి. కాళ్ళు, ఊపిరి, వీపు మీది బరువు రాయాలి. ఆ పందెంలో ఆశ్చర్యమంతా అక్కడే ఉంది, నువ్వేమో దాన్ని వదిలేసి కళ్ళ దగ్గర ఆగిపోయావు.

ఆ పందెంలోని బీచర్స్ బ్రూక్ అనే కంచెనే తీసుకో. నీ వ్యాసంలో దానికి "భయంకరమైన" అన్న ఒక్క మాట దక్కింది. మన మలక్‌పేటలో జరిగేవి చదును పందాలు, గుర్రం ముందు అడ్డం ఏమీ ఉండదు. అందుకని తెలుగు పాఠకుడికి ముందుగా కంచె కనబడాలి. ఆ పందెం జరిగే ఎయింట్రీ మైదానంలో కంచెల మీద స్ప్రూస్ చెట్టు కొమ్మలు దట్టంగా కప్పి ఉంటాయి. అప్పట్లో ఏడు కిలోమీటర్లకు పైగా పరుగు, మొత్తం ముప్పై దూకుళ్ళు. వాటిలో ఆరోది బీచర్స్, రెండో చుట్టులో మళ్ళీ అదే ఇరవై రెండోది అవుతుంది. దూకే వైపు నేల కంటే దిగే వైపు నేల లోతు. అప్పట్లో ఆ పల్లం ఇప్పటి కంటే చాలా కఠినం. గుర్రం గాల్లోకి లేచాక గానీ ఆ సంగతి దానికి తెలియదు. చీకట్లో ఒక మెట్టు తక్కువ లెక్కేసుకుని కాలు పెట్టినట్టు, ముందుకాళ్ళు నేల కోసం వెతుక్కుంటాయి. ఆ రోజు రెండో చుట్టులో ఆండీ పాండీ అనే గుర్రం అందరికంటే బాగా ముందుండి బీచర్స్ మీదికి వచ్చింది. దూకింది బాగానే. దిగుతూనే కూలబడింది.

వెనకే రెడ్ రమ్ వచ్చింది. లెక్కేసి చూడు. అప్పటికి నాలుగు నేషనల్స్‌లో ఎనిమిదిసార్లు, ఆ రోజు మొదటి చుట్టులో ఒకసారి అది ఆ కంచె దాటింది. నేషనల్‌లో ఆ కంచె మీద అది దానికి పదో దూకుడు. అక్కడ నేల లోతుగా ఉంటుందని దాని కాళ్ళకు తెలుసు. దిగింది, సాగిపోయింది. ఇంకా ఎనిమిది కంచెలున్నాయి, ముందు పోటీకి గుర్రమే లేదు. ఐదు నేషనల్స్ పరుగెత్తి ఒక్కదాంట్లోనూ పడని గుర్రం అది. ముసలి గుర్రం గొప్పతనం రాయాలంటే ఇదిగో, ఇలా రాయి. కసి, పట్టుదల, పౌరుషం అన్నీ నీ దగ్గరే ఉంచుకో.

రెండో తగాదా బరువు గురించి. నీ వ్యాసంలో ఒక్క చోట కూడా బరువు లేదు! ఇది హ్యాండిక్యాప్ పందెం. బాగా పరుగెత్తే గుర్రానికి ఎక్కువ బరువు వేస్తారు, చాలకపోతే జీను దగ్గర సీసం పెడతారు. 1973లో రెడ్ రమ్ మోసింది దాదాపు 66 కిలోలు. ఆఖరి గజాల్లో అలిసిపోయి ఓడిన క్రిస్ప్ మోసింది 76 కిలోలు. ముప్పావు గుర్రం పొడవు తేడాతో తేలిన పందెం అది. 1977కి వచ్చేసరికి తూకం తిరగబడింది. రెడ్ రమ్ మీద 73 కిలోలకు పైనే, రెండోదిగా వచ్చిన చర్చ్‌టౌన్ బాయ్ మీద 63న్నర. ఒకప్పుడు తాను పొందిన పది కిలోల వెసులుబాటును ఆ వయసులో ఇంకో గుర్రానికి ఇచ్చి, ఇరవై ఐదు గుర్రాల దూరంతో గెలిచింది.

ఈ పోలిక నేను ఒక దినపత్రిక ఆటల పేజీలో పనిచేసే రోజుల్లో రాశాను. టెలిప్రింటర్ కాగితాలు ముందేసుకుని, పౌన్లను కిలోల్లోకి మార్చుకుంటూ రాత్రంతా కూర్చుని రాసిన ముక్క. మా ఎడిటర్ గారు బరువులన్నీ కొట్టేసి "అశ్వరాజు జైత్రయాత్ర" అని శీర్షిక పెట్టారు. అంకెలు పాఠకుడికి బరువట, రసం కావాలట. ఆయన చెప్పిన రసం ఇవాళ వేరే వేషంలో తిరుగుతోంది. ఒక్కో వాక్యానికి ఒక్కో పేరా, ప్రతి పేరా చివర మూడు చుక్కలు. నీ వ్యాసంలో కూడా ఆ జాడ్యం కనిపించింది. దయచేసి మానుకో. నా రాతలు తిరిగొచ్చిన రోజుల్లో, ఇంట్లో బియ్యం నిండుకున్న రోజుల్లో కూడా నేను ఆ పని చేయలేదు.

రెడ్ రమ్‌ను తయారుచేసిన సౌత్‌పోర్ట్ ఊరి సంగతి రెండు ముక్కల్లో ముగించావు, అది అన్యాయం. ఐరిష్ గుర్రం, పుట్టుక చూస్తే పొట్టి చదును పందాలకు పుట్టింది, పైగా కాలి ఎముకలో జబ్బు. టాక్సీ నడిపి, కార్లు అమ్మిన శిక్షకుడు జింజర్ మెక్‌కెయిన్ దాన్ని 1972లో 6000 గినీలకు కొన్నాడు. డబ్బు పెట్టింది నోయెల్ లె మేర్ అనే ముసలాయన, మెక్‌కెయిన్ టాక్సీలో తిరిగిన మనిషి. గుర్రపుశాల కార్ల షోరూము వెనక. కుంటుతున్న గుర్రాన్ని సముద్రపు నీళ్ళలో నడిపించాడు, తడి ఇసుకలో పరుగెత్తించాడు. ఆ పాదాలు లేకపోతే నువ్వు రాయడానికి ఏమీ లేదు. అక్కడ ఒక పేజీ పెట్టు.

ఇంకో మాట, ఇది కోపంతోనే అంటున్నాను. ఆ రోజు వింటర్ రెయిన్, జీటాస్ సన్ అనే రెండు గుర్రాలు చచ్చిపోయాయి. నీకు తెలుసు, చివరి పేజీ వెనక పెన్సిల్‌తో వాటి పేర్లు రాసుకున్నావు. వ్యాసంలోకి మాత్రం రానివ్వలేదు. పండగ పాడవుతుందనా? పేర్లతో సహా రాయి.

నీ వ్యాసంలో నన్ను కదిలించింది ఒక్క వాక్యం. "జాకీలు లేని గుర్రాలు కూడా దానితో పాటు పరుగెత్తాయి, ఎవరూ తోలకుండానే." అందులో ఒక్క విశేషణం లేదు. రెడ్ రమ్ పైనున్న జాకీ టామీ స్టాక్ ఎంత టెన్షన్ పడి ఉంటాడో నువ్వు చెప్పకుండానే నాకు అర్థమైంది. ఆ చోటును ముట్టుకోకు.

ఏ పత్రికకు పంపాలని అడిగావు, ఇప్పుడే దేనికీ వద్దు. బీచర్స్ దగ్గర నుంచి గెలుపు గీత దాకా మళ్ళీ రాసి, బరువులు కిలోల్లో వేసి, దసరా లోపు నాకు పంపు. ఈసారి కాస్త పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీయించు.

ఇట్లు,
మీ మాస్టారు