ఒక్కో కణాన్ని విడిగ ఎందుకు చదవాలె?

ప్రశ్న: మేడమ్, నేను పాలమూరుల ఎమ్మెస్సీ బయోటెక్ చదువుతున్న. టీ కణాల (రోగాలతోని కొట్లాడే తెల్ల రక్తకణాల) రిసెప్టర్లు, అంటే శత్రువును గుర్తుపట్టే ప్రోటీన్లు, చూడాల్నంటే రక్తంల కణాలన్నీ కలిపి సీక్వెన్స్ చేస్తే (జన్యు అక్షరాల వరుస చదివితే) సరిపోదు, సింగిల్ సెల్, అంటే ఒక్కో కణాన్ని విడిగ, చెయ్యాలె అంటున్నరు. అంత ఖర్చెందుకు?
– ఒక విద్యార్థిని, జడ్చర్ల

జవాబు: ఎందుకంటే జత తెలవాలె గద చెల్లె. చాలా టీ కణాల రిసెప్టర్‌ల ఆల్ఫా, బీటా అని రెండు గొలుసులుంటయి, రెండూ కలిస్తేనే అది దేన్ని గుర్తుపడ్తదో తేలేది. అన్నీ కలిపి ఆర్ఎన్ఏ తీస్తే పెండ్లింటి ముందర చెప్పుల కుప్ప లెక్క, ఏ కుడికి ఏ ఎడమో తెల్వది.

సింగిల్ సెల్‌ల ఏం జేస్తరంటే ఒక్కో కణాన్ని ఒక పూసతోని కలిపి నూనెల సన్నటి నీటి బొట్టుల బంధిస్తరు, ఆ పూస మీద డీఎన్ఏ బార్‌కోడ్ ఉంటది, ఆ కణం ఆర్ఎన్ఏకంతా అదే ముద్ర పడ్తది, ఇగ తర్వాత అన్నీ కలిపి చదివినా కంప్యూటర్ విడదీస్తది. ఆ కణంల ఏ జీన్లు పనిచేస్తున్నయో గూడ అండ్లనే దొరుకుతది, అసలు లాభం అదే అంట నేను.

కిట్ జాగ్రత్త. రిసెప్టర్‌ల మారే భాగం ఆర్ఎన్ఏ 5' కొస (మొదలు) దిక్కు ఉంటది, 3' కొస (చివర) దిక్కు చదివే మామూలు కిట్ తీస్కుంటే అది చేతికి రాదు. ఒక బార్‌కోడ్‌కు రెండు ఆల్ఫాలు కనవడంగనే రెండు కణాలు ఒకే బొట్టుల పడ్డయని తీసెయ్యకు, కొన్ని టీ కణాలల్ల నిజంగనే రెండుంటయి. రెండు బీటాలు గూడ ఉంటే అప్పుడు అనుమానపడు.

క్లోన్లు (ఒకే రిసెప్టర్ ఉన్న కణాల గుంపులు) ఎన్ని రకాలున్నయో లెక్కపెట్టుడే పనైతే మాత్రం కలిపి చేసేదే నయం, తక్కువ పైసలల్ల లక్షల కణాలు చూడొచ్చు.